పొక్లెయిన్ క్యాబిన్‌కు ఏది మేలు: కూలరా, బెల్టు ఏసీనా, బ్యాటరీ ఏసీనా?

భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు లాంటి పెద్ద పనులు వచ్చాక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్లు కొన్నవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో, గరివిడి వైపు మాంగనీసు గనుల్లో ఇవి ఎప్పటినుంచో ఉన్నవే. పాత బండిలో కంపెనీ ఏసీ పోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఎండలు ముదిరేసరికి ఆపరేటర్ "ఏసీ లేకపోతే నా వల్ల కాదండీ" అంటాడు. అతను అడగడంలో తప్పేమీ లేదు. షాపుకి వెళ్తే మూడు దారులు చూపిస్తారు: నీళ్ల కూలర్, ఇంజిన్ బెల్టుతో తిరిగే ఏసీ, బ్యాటరీతో నడిచే రూఫ్ ఏసీ.

నా మాట ముందే చెప్పేస్తాను. తీరానికి దగ్గర్లో పనిచేసే బండికి కూలర్ పెట్టొద్దు, బెల్టు ఏసీయే మేలు. ధర తక్కువని ఎక్కువమంది దానివైపే మొగ్గుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 25 శాతం ఉన్న చోట మంచి కూలర్ 28 డిగ్రీల దాకా దించగలదు. అదే సంతబొమ్మాళి, సోంపేట వైపు 36 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకోండి. ఎంత మంచి ప్యాడ్ వేసినా 29 కంటే కిందికి దిగదు, చేతికి తగిలేది 31 దగ్గరే ఉంటుంది. అదీ తడి గాలి. చెమట ఆరదు. చుట్టూ అద్దాలున్న చిన్న క్యాబిన్‌లో ఆ ఉక్కపోత బయటికంటే ఘోరంగా ఉంటుంది. పైగా లోపలి తడి గాలి బయటికి పోవాలంటే కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. క్వారీలో దుమ్ముకి ఆ సందు చాలు. ప్యాడ్ కూడా నాలుగు రోజుల్లో బురదవుతుంది. గజపతినగరం లాంటి లోపలి ప్రాంతాల్లో పడమటి గాలి వీచే పొడి రోజుల్లో కూలర్ పనిచేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బండి ఏడాదంతా అక్కడే ఉండదు కదా.

ఇక బెల్టు ఏసీ. స్విచ్ వేయగానే ఇంజిన్ దగ్గర టక్‌మని ఒక చప్పుడు వస్తుంది. అయస్కాంతపు క్లచ్ కంప్రెసర్‌ని పట్టుకున్న చప్పుడు అది. కంప్రెసర్ ఏసీలో తిరిగే ఆర్134ఏ అనే చల్లబరిచే గ్యాస్‌ని గట్టిగా నొక్కుతుంది, గ్యాస్ వేడెక్కుతుంది. ఆ వేడి కండెన్సర్‌లో బయటి గాలికి పోయి గ్యాస్ ద్రవమవుతుంది. డ్రయర్ బాటిల్ అందులోని తేమను పీల్చుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి దారి దాటగానే ప్రెజర్ పడిపోయి, కూలింగ్ కాయిల్‌లో ద్రవం మరిగిపోతూ క్యాబిన్ వేడిని లాగేస్తుంది. మామూలు గాలి ఒత్తిడిలో ఈ గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. చల్లని కాయిల్ మీద గాలిలోని తేమ బొట్లుబొట్లుగా పేరుకుని డ్రెయిన్ పైపులోంచి కారిపోతుంది. మన ప్రాంతానికి కావలసింది ముఖ్యంగా ఇదే. కూలర్ తేమను కలుపుతుంది, ఏసీ తేమను తీసేస్తుంది.

కారు ఏసీకీ దీనికీ పద్ధతి ఒకటే, కష్టాలు వేరు. కారు పరుగెడుతుంది కాబట్టి కండెన్సర్‌కి ఎదురుగాలి తగులుతుంది. పొక్లెయిన్ గంటల తరబడి ఒకేచోట నిలబడి తవ్వుతుంది, గాలి అంతా ఫ్యాన్ లాగాల్సిందే. చాలా బండ్లలో కండెన్సర్ రేడియేటర్, హైడ్రాలిక్ ఆయిల్ కూలర్‌ల దగ్గరే ఉంటుంది. దుమ్ము, నూనె తడి కలిసి దాని రెక్కల మధ్య అట్టకట్టేస్తాయి. వేడి పోయే దారి లేక ప్రెజర్ ఎక్కుతుంది, ప్రెజర్ స్విచ్ క్లచ్‌ని వదిలేస్తుంది. పొద్దున చల్లగా ఉండి మధ్యాహ్నం ఆగిపోయే ఏసీల్లో చాలావాటి జబ్బు ఇదే. ప్రెజర్ చూసే గేజులు పెట్టకుండానే "గ్యాస్ అయిపోయింది" అని మళ్లీ ఎక్కిస్తారు. ప్రెజర్ ఇంకా పెరుగుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ముందు లోపలి వైపు నుంచి బయటికి, రెక్కలు వంగకుండా తక్కువ ఒత్తిడితో ఎయిర్ కొట్టించండి. గ్యాస్ నిజంగా తగ్గి ఉంటే లీక్ ఎక్కడో పట్టుకుని, బాగుచేసి, వాక్యూమ్ పట్టించాకే (పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేశాకే) నింపాలి.

రాళ్లు పగలగొట్టే బ్రేకర్ కట్టిన బండికి అదురు మరో శత్రువు. హోసులు ఇనుముకి రాసుకునే చోట రబ్బరు వేయించండి, కంప్రెసర్ బ్రాకెట్ బోల్టులు తరచూ చూడండి. డీజిల్ సంగతి అందరూ అడుగుతారు. కంప్రెసర్ సుమారు 3 నుంచి 5 హార్స్ పవర్ తీసుకుంటుంది. 20 టన్నుల పొక్లెయిన్ ఇంజిన్‌కి అది పెద్ద లెక్క కాదు, 45 హార్స్ పవర్ ట్రాక్టర్‌కి మాత్రం తెలుస్తుంది.

బ్యాటరీ రూఫ్ ఏసీ ఇంజిన్ ఆపినా నడుస్తుంది, బెల్టు, పొడవాటి హోసుల గొడవ లేదు. కానీ వెయ్యి వాట్ల యూనిట్ 24 వోల్టుల మీద 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉన్నా గంట దాటేసరికి సగం ఖాళీ. ఆ తర్వాత బండి స్టార్ట్ అవుతుందో లేదోనని టెన్షన్. లోడింగ్ లైన్లో ఆగే టిప్పర్‌కి, రాత్రి బండిలోనే పడుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. ఒక జాగ్రత్త: రూఫ్ ఏసీ బిగించడానికని, రాళ్లు పడితే కాపాడే రక్షణ కప్పు ఉన్న క్యాబిన్‌కి ఏ పరిస్థితిలోనూ రంధ్రం కొట్టనివ్వకండి.

నేను బెల్టు ఏసీ వైపే ఉండడానికి ఇంకో కారణం దుమ్ము. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. కంపెనీ ఏసీలో బ్లోయర్ బయటి గాలిని ఫిల్టర్‌లోంచి లాగి క్యాబిన్‌లో ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంచుతుంది, అందుకే సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు. బయట అమర్చే కిట్లలో కొన్ని లోపలి గాలినే తిప్పుతుంటాయి. కొనేముందు ఫ్రెష్ ఎయిర్ ఫిల్టర్ ఉందా అని అడగండి, లేకపోతే పెట్టించండి. కొత్త పెద్ద లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. పొక్లెయిన్ ఆ నిబంధనలోకి రాదు, కాబట్టి ఆపరేటర్ ఊపిరితిత్తుల బాధ్యత యజమానిదే.

డబ్బు ఒకేసారి లేకపోతే ముందు తలుపు రబ్బర్లు మార్చి, పగిలిన అద్దం వేయించి, ఫిల్టర్ కొనండి. తర్వాత పాత ఏసీ కండెన్సర్ కడిగించి గేజులు పెట్టించండి. అప్పటికీ చల్లబడకపోతేనే కొత్త కిట్. ఈ పని డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. మార్చి దాటితే మంచి మెకానిక్ దొరకడు, దొరికినా తొందరలో వాక్యూమ్ సరిగ్గా పట్టడు.