ఎక్స్‌పోజర్ థెరపీ: ఊతకర్రలు లాగేస్తేనే ఫలితం

లిఫ్టు, కుక్క, సూది, ఎత్తు... ఇలా ఫలానా దానికే హడలిపోయేవాళ్లకు సైకాలజిస్టులు ఇచ్చే చికిత్సల్లో ఎక్స్‌పోజర్ థెరపీకి మంచి మార్కులే వేయాలి. భయపెట్టేదానికి దూరంగా ఉంచకుండా, లెక్క ప్రకారం దాని దగ్గరికే తీసుకెళ్తారు. పద్ధతి పాతదే. కుందేలంటే జడుసుకునే పీటర్ అనే పిల్లాడు ఇష్టమైన తిండి తింటుంటే, అమెరికన్ సైకాలజిస్టు మేరీ కవర్ జోన్స్ ఆ కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ వచ్చింది. ఆమె దాన్ని 1924లో ప్రచురించింది.

మొదటి సిట్టింగులో జరగాల్సింది నిచ్చెన తయారీ. పదీ పన్నెండు సందర్భాలు రాయించి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద దాకా భయం మార్కులు వేయిస్తారు. లిఫ్టు భయమైతే, తెరిచిన తలుపు ముందు నిలబడటం 30, తోడుతో ఒక అంతస్తు 50, ఒంటరిగా అదే అంతస్తు 65, కిక్కిరిసిన లిఫ్టులో పై అంతస్తు దాకా 90. మొదలుపెట్టేది 30, 40 దగ్గర. మరీ 10 దగ్గర మొదలుపెడితే నేర్చుకునేదేమీ ఉండదు, 90తో మొదలుపెడితే మనిషి రెండో సిట్టింగుకు రాడు.

లిఫ్టు ఎక్కే ముందు, ఏమవుతుందని భయమో ఒక వాక్యంలో రాయించాలి: "తలుపు తెరుచుకోదు, నాకు ఊపిరాడదు." దిగాక ఆ వాక్యాన్ని జరిగినదానితో పోల్చి చూడాలి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ పనినే, చికిత్సకు ప్రాణమూ ఇదే. గుండె దడ పతాకస్థాయిలో ఉండగా బయటికి దూకేస్తే, బయటపడ్డాక కలిగే ఉపశమనం పారిపోవడానికే బహుమతి అవుతుంది. మర్నాడు భయం ఇంకో మెట్టు పెరుగుతుంది.

ఎక్కువమంది దగ్గర బెడిసికొట్టేది ఊతకర్రల వల్ల. చేతిలో నీళ్ల సీసా, జేబులో మాత్ర, చెవిలో పాట, పక్కవాళ్లని "ఏం కాదుగా?" అని పదే పదే అడగడం. ఇవి ఉన్నంతకాలం పది అంతస్తులు ఎక్కినా మెదడు ఆ ఘనతను సీసాకే కట్టబెడుతుంది. మంచి థెరపిస్టు వీటిని జాబితా రాసి ఒక్కొక్కటే లాగేస్తాడు. గదిలో కుర్చీ దిగకుండా "కళ్లు మూసుకుని ఊహించుకోండి" దగ్గరే నెలల తరబడి ఆపేసేవాళ్లకు మాత్రం మార్కులు కోయాల్సిందే. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నాతోపాటు లిఫ్టు దాకా వస్తారా?"

రక్తం, సూది భయం సంగతి వేరు. మిగతా భయాల్లో రక్తపోటు పెరుగుతుంది కాబట్టి సొమ్మసిల్లడం అరుదు. ఇక్కడ మాత్రం కాసేపు పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఒళ్లు వదులు చేయడం నేర్పితే నష్టమే. రక్తపోటు పడిపోకుండా చూసే, స్వీడన్ సైకాలజిస్టు లార్స్ యోరాన్ ఓస్ట్ బృందం పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది: చేతులు, కాళ్లు, నడుము కండరాలను 10, 15 సెకన్లపాటు ముఖం వెచ్చబడేదాకా బిగించాలి. తర్వాత 20, 30 సెకన్లు మామూలు స్థితికి వదలాలి, పూర్తిగా డీలాపడకూడదు. అలా ఐదుసార్లు. సూది గుచ్చే చెయ్యి మాత్రం వదులుగానే ఉంచాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లూ, గర్భిణులూ ముందు డాక్టర్ని అడగాలి.

ఒకే భయమైతే మూడు గంటలదాకా సాగే ఒక్క సిట్టింగుతో ముగించే పద్ధతి కూడా ఓస్ట్‌దే. అది చదివి ఇక హోంవర్క్ అక్కర్లేదనుకుంటే పొరపాటే. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త అనుభవం చేరుతుందంతే. ఒకే లిఫ్టులో, ఒకే వేళ సాధన చేస్తే కొత్త భవనంలో పాత భయం మళ్లీ పలకరిస్తుంది. లిఫ్టులు, వేళలు, అంతస్తులు మారుస్తూ సాధన చేయించాలి.

"భయమన్నదే లేకుండా చేస్తాం" అన్నవాళ్ల దగ్గరికి వెళ్లకండి. రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా చూడమనేది వందకు పాతిక మార్కులు పడే ఆ కాస్త భయమే, దాన్ని తీయించుకోవడం దేనికి? ఇంట్లో కొట్టే మనిషున్నప్పుడు కలిగే భయానికీ ఈ చికిత్స పనికిరాదు. అక్కడ ప్రమాదం నిజమే కాబట్టి, ముందు కావాల్సింది తలదాచుకునే చోటు, చట్టపరమైన సాయం.