ఫోర్క్ లోపల ఏం జరుగుతోందో విడమరిచి చెప్పే షాపు: విస్లర్ వోర్‌స్ప్రంగ్

కెనడాలో బ్రిటిష్ కొలంబియా కొండల్లో విస్లర్ అనే ఊరుంది. చలికాలం స్కీయింగ్‌కి వాడే లిఫ్టులే వేసవిలో మౌంటెన్ బైకుల్ని కొండపైకి చేరుస్తాయి. తొక్కి ఎక్కే పని లేదు కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిగుతూనే ఉంటారు. మామూలు ట్రెయిల్ మీద వారాల తరబడి పడే దెబ్బలు అక్కడ ఒక్క రోజులో ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని గతుకుల్ని మింగే రెండు కాళ్ళ భాగం) మీద పడతాయి. మలుపుల ముందు వేల మంది బ్రేకులు వేసీ వేసీ నేల అలలు తేలి ఉంటుంది. గాలి, ఆయిల్ కారకుండా ఆపే సీలు బలమెంతో, ఆయిల్‌తో కదలికని అదుపు చేసే డాంపర్ వేడెక్కితే ఏమవుతుందో అక్కడ దాగదు. వోర్‌స్ప్రంగ్ సస్పెన్షన్ అలాంటి చోట మొదలైన చిన్న షాపు. పెట్టినాయన స్టీవ్ మాథ్యూస్, మెకానికల్ ఇంజనీరు.

ఆయన పేరు చాలామందికి తెలిసింది 'ట్యూస్‌డే ట్యూన్' వీడియోల వల్ల. బోర్డు ముందు నిలబడి గ్రాఫులు గీస్తూ, షాక్ (వెనక చక్రం గతుకుల్ని మింగే భాగం) లోపల ఏం జరుగుతుందో విడమరిచి చెప్పే వీడియోలవి. హడావుడి ఉండదు. ఒక్క ఉదాహరణ చూడండి. కుంగేటప్పుడు డాంపర్ ఇచ్చే అడ్డుని కంప్రెషన్ అంటారు. 'హై స్పీడ్ కంప్రెషన్', 'లో స్పీడ్ కంప్రెషన్' అంటే బండి వేగమని చాలామంది అనుకుంటారు. నిజానికది షాక్ రాడ్ లోపలికి కదిలే వేగం. గంటకు 40 కిలోమీటర్లతో పోతున్నా బర్మ్‌లో (మలుపు బయటి అంచున కట్టిన వాలు గట్టు) మెల్లగా కుంగితే లో స్పీడే. నడక వేగంతో పోతూ నిటారు అంచున్న రాయిని గుద్దితే హై స్పీడే. ఈ తేడా తెలియక సర్దుబాటు నాబ్ తిప్పేవాళ్ళు రాళ్ళ మీద చేతులు నొప్పెడుతున్నాయని లో స్పీడ్ మొత్తం తీసేస్తారు. చేతుల నొప్పి అలాగే ఉంటుంది, పైగా బ్రేకు వేస్తే ముందు భాగం మునిగిపోతుంది. రిపేరు షాపువాళ్ళు ఇంత ఓపిగ్గా, అదీ ఉచితంగా నేర్పడం అరుదు. మా దృష్టిలో ఈ షాపు విలువలో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం వాళ్ళు తయారుచేసిన భాగాలు. 2013లో రాక్‌షాక్స్ కంపెనీ కొత్త పైక్ ఫోర్క్ వచ్చింది, 35 మి.మీ. స్టాంక్షన్లతో (కింది కాళ్ళలోకి జారే పై గొట్టాలు). డాంపర్ బాగుంది కానీ ఎయిర్ స్ప్రింగ్‌లో ఒక లోపం మిగిలింది. ఎయిర్ స్ప్రింగ్‌లో పిస్టన్‌కి పైన పాజిటివ్ గది, కింద నెగటివ్ గది ఉంటాయి. పై గదిలో గాలి ఫోర్క్‌ని బయటికి తోస్తుంది, కింది గదిలో గాలి లోపలికి లాగుతుంది. కింది గది చిన్నదైతే ఫోర్క్ కాస్త కుంగగానే అందులో ప్రెజర్ పడిపోయి, లాగే బలం పోతుంది. అందుకే మొదట్లో బిర్రుగా ఉండి, మధ్యలో ఆనకుండా జారిపోయి, చివర్లో మళ్ళీ గట్టిపడుతుంది. దీనికి జనం చేసే వైద్యం గాలి తగ్గించడం. దాంతో మొదటి భాగం మెత్తబడుతుంది గానీ మధ్యభాగం ఇంకా కూలబడుతుంది. అప్పుడు టోకెన్లు, అంటే పై గదిలో చోటు తగ్గించే ముక్కలు, వేస్తారు. టోకెన్లు పని చేసేది ప్రధానంగా ట్రావెల్ (ఫోర్క్ కుంగగల దూరం) చివర్లో కాబట్టి మధ్యలో లోటు అలాగే ఉండిపోతుంది, చివర మాత్రం గోడలా తయారవుతుంది.

వోర్‌స్ప్రంగ్ 2016లో తెచ్చిన లుఫ్ట్‌కాపె ఈ సమస్య మూలాన్నే పట్టుకుంది. అదొక ఎయిర్ పిస్టన్, అంతే. కింది గది పెద్దదయ్యేలా దాని ఆకారాన్ని మార్చారు. బిగించాక అదే సాగ్ (మనిషి ఎక్కగానే కుంగే కొలత) రావాలంటే మునుపటికన్నా ఎక్కువ గాలి కొట్టాలి, చాలామంది తడబడేది ఇక్కడే. పాత పీఎస్‌ఐనే ఉంచేసి 'మరీ మెత్తగా అయిపోయింది' అంటారు. గాలి కొట్టాక ఫోర్క్‌ని నెమ్మదిగా ఐదారుసార్లు నొక్కి వదలాలి. అప్పుడే పై గది గాలి కింది గదిలోకి చేరుతుంది. తర్వాత పంపులో అంకె పడిపోతుంది కాబట్టి మళ్ళీ నింపాలి. ఇది లుఫ్ట్‌కాపెకే కాదు, ఇప్పటి ఎక్కువ ఎయిర్ ఫోర్కులకీ, షాక్‌లకీ వర్తిస్తుంది.

ఇప్పుడు దాన్ని కొనాలా? మీ ఫోర్క్ ఏ ఏడాదిదో ముందు చూసుకోండి. 2019 మోడల్ డెబొనేర్ స్ప్రింగులోనే రాక్‌షాక్స్ వాళ్ళు నెగటివ్ గది బాగా పెంచారు. ఆ స్ప్రింగ్ నిలబడ్డప్పుడే కొంచెం కిందికి దిగి ఉంటోందన్న ఫిర్యాదుకి 2021 మోడల్ డెబొనేర్ సీ1లో సీల్ హెడ్ (ఎయిర్ స్ప్రింగ్ గొట్టం అడుగు మూత) మార్చి సర్దారు. అలాంటి కొత్త ఫోర్క్ ఉన్నవాళ్ళకి లుఫ్ట్‌కాపె అవసరం పెద్దగా లేదు. పాత పైక్, లేదా అదే కంపెనీ లిరిక్, యారి ఫోర్కులు ఉన్నవాళ్ళకి మాత్రం, ఫోర్క్ మార్చకుండా పెట్టే ఖర్చులో ఇంతకన్నా ఫలితమిచ్చేది మాకు కనబడలేదు.

లుఫ్ట్‌కాపె ఇంట్లోనే బిగించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. స్టాంక్షన్ అడుగున సీల్ హెడ్‌ని ఆపే సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్టీలు రింగు) ఉంటుంది. దాన్ని ప్లయర్‌తో తీసేటప్పుడు వేలితో సీల్ హెడ్‌ని కాస్త లోపలికి నొక్కి పట్టుకోవాలి. ప్లయర్ జారి స్టాంక్షన్ లోపలి గోడ గీసుకుపోతే పిస్టన్ సీలు ఆ గీత మీదుగా గాలి వదులుతూనే ఉంటుంది. కొత్త సీలు వేసినా ఆగదు. రెండు గదులూ పూర్తిగా ఖాళీ అయ్యాయని నిర్ధారించుకోకుండా ఆ క్లిప్ ముట్టుకోవద్దు.

వోర్‌స్ప్రంగ్ వాళ్ళదే స్మాష్‌పాట్ ఇంకో దారి. ఎయిర్ స్ప్రింగ్ మొత్తం తీసేసి స్టీలు కాయిల్ స్ప్రింగు పెట్టడం. గాలిని పట్టి ఉంచే సీళ్ళు లేవు కాబట్టి రాపిడి తగ్గుతుంది, చిన్న చిన్న గతుకులు చేతికి తెలియవు. కాయిల్ చివర్లో గాలిలా గట్టిపడదు. ఆ లోటు తీర్చడానికే అందులో ట్రావెల్ ఆఖరున పనిచేసే హైడ్రాలిక్ బాటమ్-అవుట్ (ఆఖరి దెబ్బని ఆయిల్‌తో మెత్తబరిచే ఏర్పాటు) పెట్టారు. బరువు కొన్ని వందల గ్రాములు పెరుగుతుంది. మీ బరువుకి సరిపోయే స్ప్రింగు ఎంచుకోవాలి, పంపుతో సర్దుకునే వీలుండదు. ఎక్కువగా ఎక్కుతూ తొక్కేవాళ్ళకి మేం సలహా ఇవ్వం. దిగడానికే కొండెక్కేవాళ్ళకి ఇస్తాం. 2020లో వచ్చిన సెకస్ ఈ రెండింటికీ మధ్యది. ఎయిర్ స్ప్రింగు అలాగే ఉంటుంది, ఫోర్క్ కాలి అడుగున బయటివైపు అదనపు గది చేరుతుంది.

డాంపర్ ట్యూనింగ్ దగ్గరికొస్తే, ట్రాక్టివ్ పేరుతో వాళ్ళు చేసే పని ఆయిల్ మార్పు కాదు. డాంపర్ లోపలి వాల్వింగ్‌నే మారుస్తారు. పిస్టన్ మీద వరసగా పేర్చిన పల్చటి స్టీలు రేకులుంటాయి, షిమ్‌లంటారు. ఆయిల్ వాటిని వంచుకుంటూ పోవాలి. రేకు బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: 0.10 మి.మీ. రేకు బదులు 0.15 వేస్తే మూడు రెట్లకు పైగా, 0.20 వేస్తే 8 రెట్లు. వెంట్రుక మందం తేడాతో బండి స్వభావమే మారిపోతుందన్నమాట. బయటి నాబులు ఎంత తిప్పినా ఈ మార్పు రాదు. 55 కిలోల మనిషికీ 100 కిలోల మనిషికీ కంపెనీ ఒకే రేకుల వరస పెట్టి అమ్ముతుంది. మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి సరిపోతుంది, రెండు కొసల్లో ఉన్నవాళ్ళకే ఈ ట్యూనింగ్ అసలు అవసరం. రీబౌండ్ (కుంగాక తిరిగి లేచే వేగం) నాబు ఇటు చివరికో అటు చివరికో తిప్పాక కూడా చాలకపోతే మీరు ఆ కొసల్లో ఉన్నట్టే.

ఎవరితో ట్యూన్ చేయించినా వివరాలు నిజాయితీగా ఇవ్వాలి. హెల్మెట్, ప్యాడ్లు, నీళ్ళ బ్యాగుతో కలిపిన బరువు చెప్పండి. బండి మోడల్, ఏడాది చెప్పండి, ఎందుకంటే లెవరేజ్ రేషియో (షాక్ కన్నా వెనక చక్రం ఎన్ని రెట్లు కదులుతుందో) దాన్నిబట్టే తెలుస్తుంది. వెనక చక్రం 160 మి.మీ. కదిలితే షాక్ 65 మి.మీ. కదిలే బండిలో సగటు రేషియో 2.46. అది 3కి దగ్గరైతే అదే మనిషికి షాక్ లోపల బిగువు ఇంకా పెరగాలి. ఎలా తొక్కాలనుకుంటున్నారో కాకుండా ఇప్పుడు ఎలా తొక్కుతున్నారో రాయండి. రేసర్ ట్యూన్ అడిగి తెచ్చుకున్న కొత్తవాళ్ళకి ఆ బండి కర్రలా తగులుతుంది.

అంత మంచి షాపని ప్రతిదానికీ పంపాల్సిన పని లేదు. లోయర్స్ (ఫోర్క్ కింది కాళ్ళు) సర్వీసు ఇంట్లో చేసుకోవాలి. రాక్‌షాక్స్ 50 గంటలకోసారి చేయమంటుంది, డాంపర్ 200 గంటలకు. ఇంకో ఫోర్క్ కంపెనీ ఫాక్స్ అయితే 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. బురదలో తొక్కేవాళ్ళు ఇంకా ముందే చేయాలి. గాలి వదిలేసి, రీబౌండ్ క్లిక్కులు లెక్కపెట్టి రాసుకుని, నాబు తీసేయాలి. అడుగు బోల్టులు మూడు నాలుగు చుట్లు వదులు చేసి రబ్బరు సుత్తితో తట్టాలి. బోల్టు పూర్తిగా తీసి తడితే దెబ్బ రాడ్‌కి తగలదు, థ్రెడ్లు పాడవుతాయి. కారిన ఆయిల్‌ని తెల్లటి ట్రేలో పట్టండి, జబ్బు అందులోనే తెలుస్తుంది. పాలలా ఉంటే నీళ్ళు దిగాయి. మెరుపు రజను తేలితే బుషింగో (స్టాంక్షన్ జారే లోపలి రింగు) స్టాంక్షన్ పూతో అరుగుతోంది. డాంపర్ వైపు పోసినదానికన్నా చాలా ఎక్కువ కారితే డాంపర్ లీకు, అప్పుడు షాపుకి పంపాల్సిందే.

డస్ట్ సీలు కింద ఉండే ఫోమ్ రింగులు కడిగి ఆయిల్‌లో నాననివ్వాలి, సీలు అంచుకి గ్రీజు పల్చగా రాయాలి. మళ్ళీ పోసే ఆయిల్ కంపెనీ చార్టు చూసి సిరంజితో కొలిచి పోయాలి. మోడల్‌ని బట్టి కాలికి 5 నుంచి 40 మి.లీ. దాకా ఉంటుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. లోయర్స్‌లో గాలికి చోటు తగ్గి ఫోర్క్ చివరిదాకా కుంగదు. అడుగు బోల్టుల క్రష్ వాషర్లు (బిగిస్తే నలిగి ఆయిల్ ఆపేవి) కొత్తవి వేసి, పైక్, లిరిక్‌లకైతే బోల్టులు 7.3 న్యూటన్ మీటర్లకి బిగించాలి.

ఇంట్లో ముట్టుకోకూడనివీ ఉన్నాయి. వెనక షాక్ గాలి మొత్తం వదిలాక కూడా కుంగే ఉండిపోతే నెగటివ్ గదిలో ప్రెజర్ చిక్కుకుందని అర్థం. ఆ ఎయిర్ క్యాన్ (షాక్ బయటి గాలి గొట్టం) విప్పితే తుపాకీ గుండులా ఎగిరొస్తుంది. నైట్రోజన్ నింపిన డాంపర్ కూడా అంతే, నింపే సరంజామా లేనిచోట తెరవద్దు. ముందు బ్రేకు పట్టి ఊపితే టకటకమంటోందా? వేలు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కింద పెట్టి ఒకసారి, సీలు దగ్గర పెట్టి ఒకసారి ఊపండి. సీలు దగ్గర ఆట తెలిస్తే బుషింగ్, హెడ్‌సెట్ దగ్గరైతే పది నిమిషాల పని. క్రౌన్ (ఫోర్క్ రెండు కాళ్ళనీ పైన కలిపే భాగం) దగ్గర కిర్రుమంటే ప్రెస్ ఫిట్ (నొక్కి బిగించిన అతుకు) వదులైనట్టు. అది చాలావరకు వారంటీలో మార్పించుకోవాల్సిందే.

సియాటిల్ చుట్టుపక్కల ఇసాక్వా, టైగర్ మౌంటెన్‌లో తొక్కే తెలుగువాళ్ళకి విస్లర్ కారులో ఐదు గంటల లోపే. వెళ్ళే వారాంతానికి ముందే షాపుకి రాసి తేదీ మాట్లాడుకోండి, వేసవిలో బెంచీలు నిండిపోతాయి. పార్సిల్ పంపేటట్టయితే కస్టమ్స్ ఫారంలో రిపేరుకి వెళ్తోందని స్పష్టంగా రాయండి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు సుంకం అడిగే ప్రమాదముంది. ఫోర్క్ నుంచి యాక్సిల్ తీసి అట్టపెట్టెలో పెట్టేటప్పుడు డ్రాపవుట్ల (యాక్సిల్ కూర్చునే కొసలు) మధ్య చెక్క ముక్కో పాత హబ్ స్పేసరో బిగించండి.

హైదరాబాద్, విశాఖల నుంచి పంపడం ఖర్చు రీత్యా గిట్టుబాటు కాదు. వీడియోలు చూసి లోయర్స్ సర్వీసు నేర్చుకోండి, డాంపర్‌కి దేశంలోనే సైకిల్ సస్పెన్షన్ తెలిసినవాళ్ళని వెతకండి. సీలు కిట్ ఆర్డరు పెట్టేముందు ఫాక్స్ అయితే లోయర్ కాలు మీది స్టిక్కర్‌లో నాలుగక్షరాల కోడ్, రాక్‌షాక్స్ అయితే సీరియల్ నంబరు చూడండి. స్టాంక్షన్ మందం ఒక్కటే చూసి కొంటే డస్ట్ సీలు సరిపోతుంది గానీ లోపలి ఓ రింగులు తేడా వస్తాయి.