వేస్ట్ డీకంపోజర్: మిద్దె మీద మూడేళ్ల వాడకం తర్వాత

ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తయారుచేసిన వేస్ట్ డీకంపోజర్‌ను హైదరాబాద్‌లోని మా మిద్దె మీద మూడేళ్లుగా వాడుతున్నాను. వంటింటి చెత్తను త్వరగా కుళ్లబెట్టి ఎరువుగా మార్చే సూక్ష్మజీవుల తోడు ఇది. నేను కొన్నప్పుడు చిన్న సీసా ధర 20 రూపాయలు. రెండు కిలోల బెల్లం కలిపిన 200 లీటర్ల నీటిలో దానిని వేసి, రోజూ రెండు పూటలా కలియబెట్టాలి. ఐదారు రోజుల్లో ద్రావణం సిద్ధమవుతుంది. అది రైతుల లెక్క. నలుగురున్న మా ఇంటికి 20 లీటర్ల బకెట్టు, 200 గ్రాముల బెల్లం చాలు. అయిపోవచ్చినప్పుడు అడుగున మిగిలినదానిని తోడుగా వేసి, కొత్త బెల్లం నీళ్లు పోస్తాను. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి మూత తీసి ఉంచుతాను.

మొదటి రెండు నెలలూ పొరపాటు చేశాను. ఎంత ఎక్కువ పోస్తే అంత త్వరగా ఎరువవుతుందనుకుని చెత్త వేసే డ్రమ్ములో రోజూ చెంబుడు ద్రావణం పోశాను. కూరగాయల తొక్కల్లో ఉండేదే నీరు. దాని మీద ఇంకా నీరు. డ్రమ్ములో గాలి ఆడక అంతా బురదై, మెట్ల దాకా కుళ్లు కంపు కొట్టింది. చెత్తను త్వరగా కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తిండితో పాటు ఊపిరి కూడా కావాలి. అప్పటి నుంచి ఒక గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల ఎండుటాకులో కొబ్బరి పొట్టో వేస్తున్నాను. ద్రావణం వారానికి రెండుసార్లు చిలకరిస్తే సరి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతకు మించి తడి ఉండకూడదు.

నిజంగా పని చేస్తుందా? ఒక చలికాలం రెండు డ్రమ్ములు పక్కపక్కన పెట్టి చూశాను. ద్రావణం చిలకరించినది దాదాపు 50 రోజుల్లో నల్లబడి పొడిపొడిగా మారింది. రెండో దానికి మరో నెల పట్టింది. మూడు రోజులకొకసారి తిరగేయడం, తొక్కలను చిన్నగా తరగడం మానేసిన నెలల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. నిమ్మ తొక్కలు, మామిడి టెంకలు దీనికి లొంగవు. నూనె కూరలు నేను వేయను.

మూత తీయగానే తొలకరి మన్ను వాసన వస్తే పని బాగా జరుగుతున్నట్లే. అయినా తొందరపడకూడదు. ఒకసారి ఇంకా వెచ్చగా ఉన్న ఎరువునే మిరప కుండీల్లో వేస్తే ఆకులు పసుపెక్కాయి. ఇప్పుడు జల్లించాక మూడు వారాలు నీడలో ఉంచుతున్నాను.

ఇరుగుపొరుగు ఈ ద్రావణం తోడుకు అడిగితే, ఒక సీసాడు ద్రావణంతో పాటు ఒక సంచి ఎండుటాకులు కూడా ఇచ్చి పంపుతున్నాను.