కోల్ సెంటర్ సీజన్ టికెట్: కట్టాలా, ఆపాలా?

వేసవిలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఐస్ హాకీ సీజన్ టికెట్ (ఇక్కడి మ్యాచ్‌లన్నిటికీ ఒకేసారి కట్టేది) రెన్యువల్ మెయిల్ వచ్చిందంటే చాలు, మాడిసన్‌లో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రశ్న. "అన్నా, హాకీ సీజన్ టికెట్ ఈసారి కట్టమంటావా, ఆపేయమంటావా?" 2024-25 సీజన్లో మెన్స్ టీమ్ 13 గెలిచి, 21 ఓడి, 3 డ్రా చేసుకున్నాక అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

నేను ఎటు మొగ్గానో ముందే చెప్పేస్తా, చివరిదాకా సస్పెన్స్ ఎందుకు. కోల్ సెంటర్‌లో ఆడే మెన్స్ హాకీకి సీజన్ టికెట్ ఆపేసి, కావలసిన మ్యాచ్‌లకు విడిగా కొనుక్కోండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి పక్కనే ఉన్న చిన్న హాలు లబాన్ అరీనాలో విమెన్స్ హాకీకి సీజన్ టికెట్ తీసుకోండి. ఇది అందరికీ సరిపోయే సలహా కాదు. ఎవరు ఆపకూడదో కూడా చెప్తాను.

విసుగు ఎందుకంటే ఓటములు ఒక్కటే కారణం కాదు. 2014-15లో నాలుగంటే నాలుగే గెలిచాం, 26 ఓడాం. ఆ ఏడు బాధ ఉండేది కానీ ఆశ ఉండేది కాదు, అందుకని ఇంత చిరాకూ ఉండేది కాదు. ఇప్పటి సంగతి వేరు. 2010 జాతీయ ఫైనల్లో బోస్టన్ కాలేజీ చేతిలో 5-0తో ఓడాక, 2025 దాకా చూస్తే 2013, 2014, 2021, 2024లలో జాతీయ టోర్నమెంటుకు వెళ్ళాం. నాలుగుసార్లూ మొదటి మ్యాచ్‌కే ఇంటిముఖం పట్టాం. మన ఆటగాడు కోల్ కాఫీల్డ్ దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు కొట్టిన 2021లోనూ బెమిజీ స్టేట్ చేతిలో 6-3తో పోయాం. కోచ్‌గా మైక్ ఈవ్స్ పోయి టోనీ గ్రనాటో వచ్చాడు, గ్రనాటో పోయి మైక్ హేస్టింగ్స్ వచ్చాడు. హేస్టింగ్స్ మొదటి ఏడు 26 గెలుపులు చూపించాడు, రెండో ఏడు అందులో సగం. ఆరు జాతీయ టైటిళ్ళున్న టీమ్ ఇలా పైకి లేపి కింద పడేస్తుంటే, ఎంత వీరాభిమానికైనా నవంబరు చలిలో కారు తీయబుద్ధి కాదు.

అయినా నా లెక్కలో తేల్చేది టీమ్ ఫామ్ కాదు, ఆ హాలు సైజు.

హాకీకి కోల్ సెంటర్‌లో పదిహేను వేల పైచిలుకు సీట్లు. 1998 దాకా టీమ్ ఆడింది డేన్ కౌంటీ కొలీజియంలో. అక్కడ ఉన్నవి ఎనిమిది వేల పైన, అంతే. బాస్కెట్‌బాల్‌కూ హాకీకీ కలిపి కట్టిన పెద్ద హాల్లోకి హాకీ వెళ్ళింది. టీమ్ బాగున్నన్నాళ్ళూ అది పెద్ద ఘనత. ఏళ్ళ తరబడి దేశం మొత్తంలో ప్రేక్షకుల సంఖ్యలో మనదే మొదటి స్థానం. 2010 ఫిబ్రవరిలో క్యాంప్ రాండల్ ఫుట్‌బాల్ స్టేడియంలో మంచు వేసి మిచిగన్‌తో ఆడితే 55,031 మంది వచ్చారు. ఆ రోజుల్లో ఎవరి నోటా "హాలు పెద్దదైపోయింది" అన్న మాట రాలేదు.

ఇప్పుడు వెళ్ళి చూడండి. వెయ్యి మందికని హాలు బుక్ చేసి వంద మంది వచ్చిన పెళ్ళిలా ఉంటుంది. కింది వరసలు ఫర్వాలేదు, కాస్త నిండుతాయి. పై అంతస్తులో ఎర్ర సీట్లు వరసలకు వరసలు మడిచినవి మడిచినట్టే. మనవాళ్ళు గోల్ కొట్టగానే స్టూడెంట్ సెక్షన్‌లో క్రీజ్ క్రీచర్స్ అనే అభిమాన బృందం లేచి, ఎదుటి గోలీ (గోల్‌కీపర్) వైపు వేళ్ళు చూపిస్తూ "సీవ్, సీవ్" (జల్లెడ, జల్లెడ) అని అరుస్తారు కదా. అది నిండిన హాల్లో గోలీ గుండెలదరగొట్టే గోల. సగం ఖాళీ హాల్లో అదే అరుపు పైకప్పు దాకా వెళ్ళి తిరిగి రాదు. శీతాకాలం సెలవుల్లో స్టూడెంట్లు ఊళ్ళకు వెళ్ళిపోయినప్పుడు ఆ కాస్త కూడా ఉండదు. స్కేట్ బ్లేడు మంచును కోసే చప్పుడు రెండో అంతస్తులో కూర్చున్నవాడికీ వినిపిస్తుంది.

గెలుపులే వస్తే హాలు దానంతట అదే నిండుతుందని మీరనొచ్చు. ఒహాయో స్టేట్‌ను చూడండి. వాళ్ళు 2018లో ఫ్రోజెన్ ఫోర్ (జాతీయ టోర్నమెంటు చివరి నాలుగు టీమ్‌లు) దాకా వెళ్ళారు. అయినా షాటెన్‌స్టీన్ సెంటర్ అనే ఆ మహా బాస్కెట్‌బాల్ హాల్లో హాకీ జనం చెల్లాచెదురుగానే కనిపిస్తారు. అదే పెన్ స్టేట్‌లో పెగులా అరీనాకు ఆరు వేల లోపు సీట్లు, టీమ్ ఓడుతున్న రోజున కూడా చెవులు గింగురుమంటాయి. ఒకే లీగ్, ఒకే రకం చదువుకునే పిల్లలు, హాలు వేరు.

దీనికీ సీజన్ టికెట్‌కూ ఏం సంబంధం అంటారా? మనం సీజన్ టికెట్ కొనేది ప్రధానంగా భయంతో. ఈ ఏడు వదిలేస్తే ఈ సీటు మళ్ళీ దొరకదన్న భయం. పదిహేను వేల సీట్లుండి అంత జనం రానప్పుడు ఆ భయానికి అర్థమే లేదు. మ్యాచ్ రోజు పొద్దున లేచి, బయట మంచు ఎంత పడిందో చూసి, అప్పుడు కొనుక్కున్నా మంచి సీటే దొరుకుతుంది. రీసేల్‌లో చాలా మ్యాచ్‌లకు అసలు ధర కంటే తక్కువకే అమ్ముతున్నారు. అమ్మేది ఎవరనుకున్నారు? సీజన్ టికెట్ కట్టి రాలేకపోయిన మనలాంటివాళ్ళే. అంటే రెన్యూ చేసినవాడి నష్టం, చేయనివాడికి డిస్కౌంట్. రెండు వరసల్లో ఏ వరసలో నిలబడాలో మీరే చూసుకోండి.

రెండో చిక్కు, ప్రత్యర్థులు. మనం ముందు ఆడిన డబ్ల్యూసీహెచ్ఏ లీగ్ రోజుల్లో నార్త్ డకోటా వస్తే వాళ్ళ జనమే బస్సుల్లో దిగేవారు. డెన్వర్, కొలరాడో కాలేజ్, డులూత్, ఏ వారాంతం చూసినా పాత పగ ఒకటి ఉండేది. టెర్రీ పెగులా ఇచ్చిన విరాళంతో పెన్ స్టేట్ టీమ్ పెట్టడం, దాంతో బిగ్ టెన్ అనే లీగ్‌కు హాకీ నడపడానికి కావలసిన ఆరు టీమ్‌లు పూర్తవడం, 2013-14 నుంచి మనం అటు మారిపోవడం అందరికీ తెలిసిందే. మిన్నెసోటా ఒక్కటి మనతోపాటు వచ్చింది. మిగతా పగలన్నీ అక్కడే ఆగిపోయాయి. సీజన్ టికెట్‌లో మిన్నెసోటాతో పాటు మీకు అక్కరలేని వారాంతాలు కూడా కట్టగట్టి అంటగడతారు. ఇక మంచి మ్యాచ్ అనదగ్గ హాలిడే ఫేస్-ఆఫ్ టోర్నమెంటు జరిగేది డిసెంబరులో మిల్వాకీలో, మన హాల్లో కాదు.

ఇక "నేను టికెట్ కట్టి, కోపంతో మ్యాచ్‌కు వెళ్ళడం మానేస్తా, ఖాళీ సీటు చూసి వాళ్ళకే తెలుస్తుంది" అనే బాపతు ఒకటుంది. ఇది అన్నిటికంటే దండగ. స్కోర్‌బోర్డు మీద ప్రకటించే ప్రేక్షకుల సంఖ్య అమ్ముడైన టికెట్ల లెక్క, గేటు దాటిన తలల లెక్క కాదు. మీరు ఇంట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్నా ఆ రాత్రి లెక్కలో మీరు హాజరే. మీ కోపం యూనివర్సిటీ చెవిన పడాలంటే రెన్యువల్ ఆపడం ఒక్కటే దారి. ఇక్కడ ఫుట్‌బాల్, మెన్స్ బాస్కెట్‌బాల్ తర్వాత డబ్బు తెచ్చే ఆట అంటే మెన్స్ హాకీయే. 2025 జులై నుంచి ఆటగాళ్ళకు కాలేజీలే నేరుగా డబ్బు పంచే పద్ధతి వచ్చింది, మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇలాంటప్పుడు ఏ ఆట ఎంత తెస్తోందని పైసా పైసా లెక్క చూస్తారు.

అందుకే ఎదుటి వాదనను కొట్టిపారేయలేను. మనం ఆపితే హాకీకి వచ్చే వాటా కూడా తగ్గుతుందేమో, టీమ్ ఇంకా పడిపోతుందేమో అని భయపడేవాళ్ళున్నారు. న్యాయమైన భయమే. పైగా కెనడాలో ప్రొఫెషనల్ హాకీకి ముందు మెట్టైన మేజర్ జూనియర్ లీగ్‌ల కుర్రాళ్ళను 2025 ఆగస్టు నుంచి కాలేజీ హాకీకి అనుమతిస్తున్నారు కాబట్టి ఏ టీమ్ ఎప్పుడు పైకి లేస్తుందో చెప్పలేని రోజులివి. ఒక్క వేసవిలో మన టీమే మారిపోవచ్చు. మారితే మాత్రం నష్టమేముంది? ఆ రోజున కూడా ఆ హాల్లో మీకో సీటు ఉంటుంది. హాలు పెద్దదవడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది.

ఆపకూడనివాళ్ళు ఎవరంటే: కింది వరసల్లో, మధ్య గీత దగ్గర, చాలా ఏళ్ళుగా అదే సీటు పట్టుకున్నవాళ్ళు. ఆ సీటు వదిలితే నిజంగానే తిరిగి రాకపోవచ్చు. పక్క సీటు ముసలాయనతో ఏళ్ళ తరబడి మాటలు కలిసినవాళ్ళు కూడా ఆపొద్దు. ఆయన పాత కోచ్ బాబ్ జాన్సన్ కాలం కబుర్లు చెప్తుంటే మూడో పీరియడ్ ఎలా ఉన్నా గడిచిపోతుంది. దానికి రీసేల్‌లో రేటు లేదు. ఈ మధ్యే ఊరికి వచ్చి, పై అంతస్తులో మూలకు సీట్లు తీసుకున్నవాళ్ళు మాత్రం హాయిగా ఆపేయొచ్చు.

విడిగా కొనేవాళ్ళకు నా సలహా ఒక్కటే. మిన్నెసోటా వారాంతానికి మాత్రం ముందే కొనండి, ఆ ఒక్కదానికి చివరి నిమిషం తెలివితేటలు పనిచేయవు. మిగతావాటికి శుక్రవారం ఆట చూసి శనివారం సంగతి తేల్చుకోండి.

ఇప్పుడు లబాన్. కోల్ సెంటర్ పక్కనే, 2012లో తెరిచారు, 2,273 సీట్లు. ఎక్కడ కూర్చున్నా ఆటగాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం వినిపిస్తుంది. పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) చుట్టూ ఉన్న అద్దానికి తగిలితే ఒళ్ళో పిల్లలు ఉలిక్కిపడతారు. సీజన్ టికెట్‌కు అర్థం ఉన్నది ఇక్కడ, ఎందుకంటే పెద్ద మ్యాచ్‌లకు సీటు నిజంగానే దొరకదు. కోచ్ మార్క్ జాన్సన్, ఆ బాబ్ జాన్సన్ కొడుకే, 1980 ఒలింపిక్ బంగారు టీమ్‌లో ఆడినవాడు. 2025 నాటికి ఆయన టీమ్‌కు జాతీయ టైటిళ్ళు ఎనిమిది. ఎనిమిదోది 2025 మార్చిలో మిన్నియాపొలిస్‌లో ఒహాయో స్టేట్ మీద. 3-2తో వెనకబడి, ఇంకో 18.9 సెకన్లు ఉందనగా పెనాల్టీ షాట్ దొరికితే కర్‌స్టెన్ సిమ్స్ స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో మళ్ళీ తనే గెలుపు గోల్ కొట్టింది. మన మెన్స్ టీమ్ ఇంత టెన్షన్ పెట్టి చివరికి గెలిచిన మ్యాచ్ ఏదని మా గ్రూపులో అడిగితే ఒక్కరూ బదులివ్వలేదు.

జనం లేరని కాదు, సరైన ఆట పెడితే వస్తారు. 2017 జనవరిలో ఇదే విమెన్స్ టీమ్ కోల్ సెంటర్‌లో ఆడితే 15,359 మంది వచ్చారు. హాలు నిండిపోయింది. "ఆడపిల్లల హాకీలో ఢీకొట్టడాలు ఉండవు, మజా ఉండదు" అనేవాళ్ళు ఒకసారి ముందు వరసలో కూర్చుని చూడండి.

హాకీ చూడటానికి మిగతా రెండు దారులూ పెద్దగా చెప్పుకోవలసినవి కావు. మిడిల్టన్‌లో మాడిసన్ క్యాపిటల్స్ అనే జూనియర్ టీమ్ ఆట చవగ్గా అయిపోతుంది, చిన్నపిల్లలున్నవాళ్ళకు మంచిది, కాలేజీ ఆట కోసం వెళ్ళేవాళ్ళకు ఆనదు. టీవీలో చూడటం అంటారా, ఓడుతున్నప్పుడు ఛానెల్ మార్చుకునే వీలుంది, అంతకుమించి అందులో ఏమీ లేదు.

లబాన్ తీసుకునేవాళ్ళు గోల్ వెనక కాకుండా పక్క వైపు అడగండి, మూడో వరస పైన అయితే అద్దం అంచు కంటికి అడ్డు రాదు. నలుగురైదుగురు కలిస్తే పక్కపక్క సీట్లు అడుగుదాం, పేర్లు గ్రూపులో పెట్టండి.