తలుపు ముందే చెప్పింది

బొలెరో వెనక తగిలించి లాక్కెళ్లే ఈ ట్రెయిలరు ఇంటిని కొన్న కొత్తలో కనిపించిన ప్రతివారి దగ్గరా పొగిడింది నేనే కాబట్టి, ఈ మాటలూ నేనే రాయాలి. నలభై ఏళ్ల బండి అయినా రేకు చెక్కుచెదరలేదని చెప్పాను. నిజమే, చెదరలేదు. అల్యూమినియం రేకు ఇనుములా తుప్పు పట్టదు. దాన్ని మోస్తున్నది మాత్రం ఇనుమని నాకు తట్టలేదు.

ఒకప్పుడు బోరు బండి కుర్రాళ్లు పడుకోవడానికి విజయవాడ ఆటోనగర్‌లో కట్టించినది. 2024 డిసెంబరులో 90 వేలకు కొన్నాను. బుడమేరు వరద వచ్చిపోయి అప్పటికి మూడు నెలలు. బండి నిలిపి ఉంచిన చోటు ఆ వరదలో మునిగిన సింగ్‌నగర్ పక్కనే. అడిగితే, "నీళ్లు టైరును కూడా తాకలేదండీ" అన్నాడు అమ్మినాయన. వంగి చూస్తే చట్రమంతా నల్ల రంగుతో నిగనిగలాడుతోంది. ఆ నిగనిగ మీద నాకు ఇప్పటికీ కోపమే.

తలుపు మాత్రం మొదటి రోజు నుంచీ నసిగింది. బండి ఖాళీగా ఉంటే సరిగ్గా పడేది. నలుగురం ఎక్కితే పై మూల చౌకట్టుకు రాసుకునేది. "కింద ఏదో వంగుతోందండీ" అంది మా ఆవిడ. నేను బందులు మార్పించాను. వారం తర్వాత మళ్లీ అదే గోల. ఈసారి తలుపు అంచుకు చిత్రిక పట్టించాను. చట్రం కుంగుతుంటే తలుపును చెక్కించిన తెలివి నాది!

మే నెలలో గుంటూరు నుంచి సూర్యలంక బీచికి బయలుదేరాం. పొన్నూరు దాటాక ఒక స్పీడ్‌బ్రేకర్ మీద కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడు. అదృష్టం, నడిచేటప్పుడు ట్రెయిలర్లో ఎవరినీ కూర్చోనివ్వను. దిగి చూస్తే, బొలెరోకు తగిలించే కొక్కెం నుంచి వచ్చే గొట్టం చట్రాన్ని కలిసేచోట వేలు దూరేంత నోరు తెరుచుకుని ఉంది. అటుగా వచ్చిన ట్రాక్టరాయన రెండు సరుగుడు కర్రలు, ఒక గొలుసు ఇచ్చాడు. విరిగిన కాలికి కట్టు కట్టినట్టు కట్టి, నడక వేగంతో ఇల్లు చేరాం.

ఆటోనగర్ మేస్త్రీ సుత్తితో గొట్టం పొడవునా తట్టుకుంటూ వెళ్లాడు. ముందు ఖంగుమంది, వెనక్కి పోయేకొద్దీ మట్టికుండలా మొద్దుగా పలికింది. కోసి ఎత్తి దులిపితే పొరలు పొరలుగా తుప్పు, బూడిదరంగు ఒండ్రు, వాటితోపాటు శనగగింజంత నత్తగుల్ల రాలాయి. టైరును కూడా తాకని నీళ్లలో నత్త ఎలా ఈదిందో అమ్మినాయనే చెప్పాలి.

"అంతా వరద పాపమే కాదు సార్. పైకప్పు అతుకులోంచి కారిన వాన గోడ వెంట దిగి ఏళ్ల తరబడి ఈ గొట్టాల్లో నిలిచింది" అన్నాడు మేస్త్రీ. అతుకు వేయమంటే ఒప్పుకోలేదు. తుప్పు మీద వెల్డింగ్ పెడితే పక్కనే చిరుగుతుందట. పై ఇంటిని జాకీల మీదికి ఎత్తి, సి అక్షరంలా ఉండే 100 మిల్లీమీటర్ల ఇనుప సి చానెల్‌తో కొత్త చట్రం కట్టాడు. ఒక పక్క తెరిచే ఉంటుంది కాబట్టి నీరు నిలవదు, తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. మూడు వారాలు, 68 వేలు.

అయితే ఆ చానెల్ మీటరుకు దాదాపు 9 కిలోలు. బొలెరో ఇప్పుడు డీజిల్ ఎక్కువే తాగుతోంది. పైగా నీళ్ల డ్రమ్ము వెనక పెట్టడంతో చిలకలూరిపేట దారిలో ట్రెయిలరు తోక ఊపింది. డ్రమ్మును ఇరుసుకు ముందుకు జరిపి, మొత్తం బరువులో పదోవంతు దాకా కొక్కెం మీద పడేలా చేశాకే కుదురుకుంది.

గుంటూరు పక్క గోరంట్లలో బండి పెట్టుకోవడానికి మాకు ఖాళీ స్థలం ఉంది, మేస్త్రీ మా బావమరిదికి పాత స్నేహితుడు. ఈ రెండూ లేకపోతే ఆ డబ్బుతో ఎన్నేళ్లయినా సముద్రం ఒడ్డున గది అద్దెకు తీసుకునేవాణ్ని. అయినా సూర్యలంకలో తెల్లవారుజామున ఆ చిన్న కిటికీ తెరిస్తే వచ్చే గాలి సంగతి వేరు.

వానాకాలంలో తలుపు ఇప్పటికీ కాస్త పట్టేస్తుంది. చెక్క ఉబ్బిందంటాడు మేస్త్రీ. నేను మాత్రం టార్చి తీసుకుని ఒకసారి కిందికి వంగి చూస్తాను.