ష్రింక్ స్లీవ్‌లు కొనేవాళ్లకు హెచ్చరిక: స్పార్క్ రాలేదని జాయింట్ పాస్ చేయకండి

పైప్‌లైన్ వెల్డ్ జాయింట్లకు హీట్ ష్రింక్ స్లీవ్‌లు (వేడి చేస్తే పైపు చుట్టూ బిగుసుకునే ప్లాస్టిక్ తొడుగులు) కొనబోతుంటే ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. 3 లేయర్ పీఈ (పాలిథిలిన్) కోటింగ్ లైన్‌కి 80 డిగ్రీల వేడి తట్టుకునే గ్రేడ్ అని చెప్పి పంపిన లాట్ సంగతి ఇది. డబ్బాల మీద రాతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. టార్చ్ పెడితే చక్కగా బిగిసింది, 25 కేవీ హాలిడే టెస్ట్‌లో (హై వోల్టేజ్‌తో కోటింగ్‌లో చిల్లులు వెతికే పరీక్ష) ఒక్క స్పార్క్ కూడా రాలేదు. మర్నాడు 25 మిల్లీమీటర్ల వెడల్పున పట్టీ కోసి లాగితే అరటిపండు తొక్కలా ఊడి వచ్చేసింది. కింద స్టీల్ మీద జిగురు ఆనవాలే లేదు.

హాలిడే టెస్ట్ చిల్లు ఉందో లేదో చెబుతుంది, అతుకు సంగతి చెప్పదు. మంచి స్లీవ్‌ని లాగితే జిగురు మధ్యకు చీలి, కొంత స్టీల్ మీదా కొంత స్లీవ్ మీదా మిగలాలి. ఆ లాట్‌లో లోపల ఉన్నది హాట్‌మెల్ట్ జిగురు కాదు, మెత్తటి మాస్టిక్. లైన్ వేడెక్కితే అది జారుతుంది. స్లీవ్ కన్నా ముందు స్టీల్ మీద పూసే ఎపాక్సీ ప్రైమర్ అసలు పంపనే లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాలిథిలిన్ కరెంటును పోనివ్వదు. ఊడిన స్లీవ్ కిందకి నీళ్లు చేరితే కాథోడిక్ ప్రొటెక్షన్ (తుప్పు పట్టకుండా పైపుకు ఇచ్చే కరెంటు) అక్కడిదాకా అందదు. పైన రీడింగులు బాగానే వస్తాయి, లోపల పైపును తుప్పు తినేస్తుంటుంది. మన నల్లరేగడి నేల అయితే వానకు ఉబ్బి, ఎండకు బిగిసి, పట్టులేని స్లీవ్‌ని లాగి ముడతలు పెట్టేస్తుంది.

సరుకు దిగగానే ఒక ముక్క కోసి, పై షీటు మందం, జిగురు మందం విడివిడిగా నాలుగైదు చోట్ల కొలిచి డేటాషీట్‌తో పోల్చండి. ఇంకో ముక్కని 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. క్రాస్‌లింక్ అయిన షీటు (లోపలి అణువులు ఒకదానికొకటి ముడిపడినది) ముడుచుకుంటుంది కానీ కరగదు. క్రాస్‌లింక్ అవ్వని షీటు మైనంలా కారిపోతుంది. ప్రైమర్ రెండు డబ్బాల ఎక్స్‌పైరీ తేదీలూ చూడండి. ఐఎస్ఓ 21809-3 (పైప్‌లైన్ జాయింట్ కోటింగ్‌ల ప్రమాణం) ప్రకారం ఆ బ్యాచ్‌కే ఇచ్చిన సర్టిఫికెట్ అడగండి, పాత బ్యాచ్‌ది చూపిస్తే ఒప్పుకోకండి.

సరుకు మంచిదైనా పనిలో చెడొచ్చు. బ్లాస్టింగ్‌తో స్టీల్ శుభ్రత ఎస్ఏ 2½ గ్రేడ్‌కి రావాలి, ప్రొఫైల్ (ఉపరితలం గరుకు లోతు) 50 నుంచి 100 మైక్రాన్లు ఉండాలి. స్టీల్ ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, కాకినాడ లాంటి తీరంలో పొద్దున్నే ఇది తప్పకుండా చూసుకోవాలి. ఇరువైపులా ఫ్యాక్టరీ కోటింగ్‌ని గరుకు చేసి, దాని మీదకి కనీసం 50 మిల్లీమీటర్లు స్లీవ్ ఎక్కించాలి. స్లీవ్ చుట్టేముందు పైపుకు పెట్టే వేడిని (ప్రీహీట్) పైపు అడుగున కూడా కొలవండి, ఎక్కువగా చల్లగా మిగిలేది అక్కడే. మంట మధ్య నుంచి అంచులకు తీసుకెళ్లాలి. వెల్డ్ పక్కన గాలి నిలవకుండా రోలర్ గట్టిగా నొక్కాలి. అంచుల నుంచి చుట్టూ జిగురు బయటికి తన్నుకు రావాలి.

మొదటి జాయింట్లు సప్లయర్ టెక్నీషియన్ చేతే వేయించి, వాటి పీల్ టెస్ట్ (పట్టీ కోసి లాగే పరీక్ష) పాసయ్యాకే మట్టి కప్పండి, బిల్లు కూడా అప్పుడే ఇవ్వండి. లాగేటప్పుడు పైపు ఎన్ని డిగ్రీలు ఉందో రాసుకోండి. ఎండలో కాలిన పైపు మీద జిగురు మెత్తబడి తక్కువ విలువ వస్తుంది, ఫెయిలైతే సప్లయర్ మొదట చెప్పేది ఆ సాకే.