జాగ్రత్త: ఆన్‌లైన్ క్లియరెన్స్ సేల్‌లో దొరికే ఫిషింగ్ కిట్లు, ముఖ్యంగా వాటిలోని లైఫ్ జాకెట్లు

మిషిగన్, ఒహాయో, విస్కాన్సిన్, మిన్నెసోటా వైపు ఉంటూ, మంచు కరగ్గానే బాస్ చేపల కోసం గాలం పట్టుకుని బయల్దేరే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ మార్చిలో ఒక వెబ్‌సైట్‌లో ఫిషింగ్ కిట్ కొని మోసపోయాను. పోయిన డబ్బు గురించి అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. అందులో వచ్చిన లైఫ్ జాకెట్ తొడిగి మా పదకొండేళ్ళ అబ్బాయిని లేక్ సెయింట్ క్లెయిర్ మీదికి తీసుకెళ్ళాల్సింది. ముందు రోజు రాత్రి విషయం బయటపడింది కాబట్టి సరిపోయింది.

సైట్ పేరు రాయడం లేదు, రాసినా ఉపయోగం లేదు. నేను కొన్న రెండు నెలలకే అది తెరుచుకోవడం మానేసింది. అవే ఫొటోలు, అవే ధరలతో ఇప్పుడు ఇంకో పేరు మీద కనిపిస్తున్నాయి. అందుకే పేరు కంటే సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

మేం డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం. మార్చి మొదట్లో ఫోన్‌లో ఒక యాడ్ వచ్చింది. పాత ఫిషింగ్ షాపు మూసేస్తున్నారట, గోడౌన్ ఖాళీ చేస్తున్నారట. ‘స్ప్రింగ్ బాస్ కిట్’ అని ఆరు జెర్క్‌బైట్లు (చిన్న చేపలా ఉండే కృత్రిమ ఎరలు, వీటినే లూర్లు అంటారు), ఒక జత చెస్ట్ వేడర్లు (నీళ్ళలో నిలబడటానికి ఛాతీ దాకా తొడుక్కునేవి), నీళ్ళలో పడగానే వాటంతటవే ఉబ్బే లైఫ్ జాకెట్లు రెండు, అన్నీ కలిపి 118 డాలర్లు. మంచి జపాన్ జెర్క్‌బైట్ ఒక్కటే 25 డాలర్ల దాకా ఉంటుంది. ఆ లెక్క నాకు తెలుసు, అయినా కొన్నాను. పక్కనే గడియారం వెనక్కి తిరుగుతోంది, ‘ఇంకా 3 మాత్రమే ఉన్నాయి’ అని ఎర్ర అక్షరాల్లో వస్తోంది. ఆలోచించుకునే టైమ్ ఇవ్వకపోవడమే వాళ్ళ పద్ధతి. పార్సిల్ ఐదు వారాలకు వచ్చింది, అదీ విదేశం నుంచి.

చలి నీళ్ళలో బాస్ పట్టడం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ లూర్లలో మోసం ఏమిటో అర్థం కాదు. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీళ్ళు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉన్నప్పుడు స్మాల్‌మౌత్ బాస్ వేసవిలోలా ఎర వెంట పరుగెత్తదు. ఎర దాని ముందుకొచ్చి ఆగాలి. అందుకే జెర్క్‌బైట్‌ని రెండుసార్లు లాగి వదిలేసి పది, పదిహేను సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కదపకుండా ఉండాలి. ఆ కాసేపూ అది పైకి తేలకూడదు, అడుగుకు దిగకూడదు, ఓపిక అయిపోయిన చిన్న చేపలా నీళ్ళ మధ్యలో నిలబడాలి. చేప ఎక్కువగా పట్టేది అప్పుడే. చల్లటి నీటికి సాంద్రత ఎక్కువ కాబట్టి, వేసవిలో సరిగ్గా నిలబడే లూర్ కూడా ఏప్రిల్‌లో మెల్లగా పైకి లేస్తుంది. తెలిసినవాళ్ళు హుక్‌కి సన్నటి సీసం తీగ చుట్టి సరిచేసుకుంటారు. అంటే ఈ సీజన్‌లో జెర్క్‌బైట్‌కి ఇచ్చే డబ్బంతా ఆ నిలబడే గుణానికే.

ఏప్రిల్ మధ్యలో ఒక శనివారం డెక్స్‌టర్ దగ్గర హ్యూరన్ నదికి వెళ్ళాం. మా కాంప్లెక్స్‌లోనే ఉండే తెనాలి అన్నయ్య తోడొచ్చాడు. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ చేపలు పడుతున్నాడు, నాకు గాలం పట్టడం నేర్పింది ఆయనే. పొద్దున్నే వెళ్దామంటే వద్దన్నాడు. ఈ రోజుల్లో మధ్యాహ్నం మూడు దాటితే ఎండకు నీళ్ళు రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతాయి, చేప అప్పుడు కదులుతుంది. మేం వెళ్ళేసరికి నీళ్ళు 44 డిగ్రీలున్నాయి.

నా లూర్ లాగి వదిలితే ముక్కు పైకెత్తి బిరడాలా తేలిపోయింది. ఇంకోటి వేస్తే తోక కిందికి పెట్టి మునిగిపోయింది. ఒకే ప్యాకెట్‌లో వచ్చిన ఆరూ ఆరు రకాలుగా ఉన్నాయి. ఒక్క చేప మాత్రం పట్టింది. బరువు చూస్తే నాలుగు పౌండ్లకు తగ్గదనిపించింది. అర నిమిషం లాగాక దారం ఖాళీగా వచ్చింది. చూస్తే హుక్ గుండుసూదిలా తిన్నగా సాగిపోయి ఉంది. అన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకుని రెండు వేళ్ళతో మళ్ళీ వంచాడు, అంత మెత్తగా ఉంది. (ఎలాగూ అది వదిలేయాల్సిన చేపే. మిషిగన్‌లో బాస్‌ని ఏడాదంతా పట్టొచ్చు కానీ ఈ నెలల్లో పట్టిన వెంటనే వదిలేయాలి. ఉంచుకోవాలంటే మెమోరియల్ డే (మే చివరి సోమవారం) ముందు శనివారం దాకా, లేక్ సెయింట్ క్లెయిర్‌లో అయితే జూన్ మూడో శనివారం దాకా ఆగాలి. హ్యూరన్ చేపల విషయంలో పిఎఫ్‌ఏఎస్ రసాయనాల వల్ల తినొద్దని 2018లోనే రాష్ట్రం హెచ్చరిక ఇచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళు పులుసు ఆలోచన పెట్టుకునే ముందు తాజా హెచ్చరికలు చూసుకోండి.)

వేడర్ల సంగతి ఇంకా దారుణం. తొడల లోతు నీళ్ళలో నిలబడి పది నిమిషాలైందో లేదో, కుట్టు దగ్గర చల్లగా తగిలింది. చెమటేమో అనుకున్నాను. కాసేపటికి రెండు పాదాలూ నీళ్ళలో ఈదుతున్నాయి. ఒడ్డుకు నడవాలంటే కాళ్ళు మాట వినలేదు. వేడర్లలో నీళ్ళు చేరితే మునిగిపోతామని చాలామంది భయపడతారు. నీళ్ళలో ఉన్నంతసేపూ లోపలి నీళ్ళు బరువనిపించవు, గట్టెక్కేటప్పుడు ఆ బరువంతా ఒక్కసారి మీద పడుతుంది. అన్నయ్య చెయ్యిచ్చి లాగకపోతే నేను ఆ గట్టెక్కేవాణ్ణి కాదు. కారులో హీటర్ పెట్టుకుని కూర్చుంటే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, వేళ్ళు కొంకర్లు పోయి బూటు లేసులు కూడా ఊడదీసుకోలేకపోయాను. నీళ్ళలో ఉన్నది అరగంట కూడా కాదు.

తిరిగొస్తుంటే అన్నయ్య ఒకే మాట అడిగాడు: “వచ్చే శనివారం పిల్లాణ్ణి బోటు మీద తీసుకెళ్తానన్నావు కదా, ఆ జాకెట్లు కూడా ఇందులోవేనా?” అవునన్నాను. “అవి నాకు చూపించకుండా బోటెక్కొద్దు రా.”

ఆఫీసు పనిలో పడి వారమంతా కుదరలేదు. శుక్రవారం రాత్రి ఆయనే ఇంటికొచ్చాడు. బాత్‌టబ్ నింపి మొదటి జాకెట్ పడేశాం. నీళ్ళు తగలగానే ఉబ్బాలి. ఒక నిమిషం చూశాం, రెండు నిమిషాలు చూశాం, తడిగుడ్డలా పడి ఉంది. చేత్తో లాగే తాడు లాగితే తాడు చేతికొచ్చింది తప్ప ఏమీ కాలేదు. అన్నయ్య గ్యాస్ సిలిండర్ విప్పి మూతి చూపించాడు. సీల్‌కి అప్పటికే చిల్లు ఉంది. ఎప్పుడో వాడేసిన సిలిండర్‌ని తుడిచి, కొత్తదని పెట్టారు. రెండోది మాత్రం ఢామ్మని ఉబ్బింది. ‘అమ్మయ్య’ అనుకునేలోగా మెడ దగ్గరి అతుకు నుంచి బుడగలు మొదలయ్యాయి. పది నిమిషాల్లో అదీ చప్పబడిపోయింది. అది మా అబ్బాయి సైజు. మా ఆవిడ బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి మొత్తం చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. లోపలికెళ్ళి పడుకున్న పిల్లాడి పక్కన కూర్చుంది.

నేను కృష్ణా కాలువలో ఈత నేర్చుకున్నవాణ్ణి. ఎదురీదడం కూడా వచ్చు. జాకెట్ లేకపోయినా ఒడ్డుకు చేరగలనన్న ధీమా ఎక్కడో ఉండేది. మన కాలువల్లో, చెరువుల్లో నీళ్ళు వెచ్చన. ఇక్కడి ఏప్రిల్ నీళ్ళలో ఈత రావడం, రాకపోవడం తర్వాతి మాట. కెనడాలోని మానిటోబా యూనివర్సిటీలో చలి నీళ్ళ మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని ఒకటి-పది-ఒకటి అని గుర్తుపెట్టుకోమంటారు. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస తన్నుకొస్తుంది. అప్పుడు తల నీళ్ళలో ఉంటే నీళ్ళే పీలుస్తాం. తర్వాత పది నిమిషాలు మాత్రమే చేతులూ కాళ్ళూ పనిచేస్తాయి. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి ఒక గంట దాకా పడుతుంది. తల పైకి ఉంచే జాకెట్ ఉంటేనే ఆ గంట మనకు మిగిలేది. అది లేనివాళ్ళు చాలామంది ఆ గంట దాకా రాకుండానే, మొదటి నిమిషాల్లోనే పోతారు. న్యూయార్క్ రాష్ట్రంలో నవంబర్ 1 నుంచి మే 1 దాకా 21 అడుగుల లోపు పడవల్లో ప్రతి ఒక్కరూ జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం పెట్టింది ఇందుకే. మిషిగన్‌లో పడవ డెక్ మీద జాకెట్ తప్పనిసరి చేసింది ఆరేళ్ళ లోపు పిల్లలకే. చట్టం అడగలేదని ఊరుకోకండి.

ఆన్‌లైన్‌లో ఇప్పటికే కొనేసినవాళ్ళు జాకెట్ లోపలి లేబుల్ చూడండి. యు.ఎస్. కోస్ట్ గార్డ్ ఆమోదం అని, దాని కింద 160తో మొదలయ్యే నంబర్ ఉండాలి. ఉబ్బే రకాలకు 160.076 అని వస్తుంది. నా జాకెట్ల మీద కోస్ట్ గార్డ్ బొమ్మ ముద్దుగా వేశారు, నంబర్ మాత్రం లేదు. ఇంకొక సంగతి, ఉబ్బే జాకెట్లకు కోస్ట్ గార్డ్ ఆమోదం దాదాపు ఎప్పుడూ 16 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకే. సైట్‌లో ‘పెద్దలకూ పిల్లలకూ’ అని రాసి ఉండటమే పెద్ద అబద్ధమని నాకు అప్పుడు తెలియదు. పిల్లలకు ఎప్పుడూ ఫోమ్ జాకెట్టే కొనండి, వాళ్ళ బరువుకు తగినది.

మంచి షాపులో కొన్న ఉబ్బే జాకెట్ మీ దగ్గర ఉన్నా సీజన్ మొదట్లో ఒకసారి పరీక్షించాలి. నోటితో ఊదే గొట్టం ఉంటుంది, దాంతో నిండా ఊది రాత్రంతా వదిలేయండి. పొద్దున మెత్తబడితే వాడొద్దు. సిలిండర్ విప్పి సీల్ చూడండి. సిలిండర్ మీద కనీస బరువు అచ్చు వేసి ఉంటే వంటింటి కాటా మీద పెట్టి చూడండి, అంతకంటే తగ్గితే గ్యాస్ పోయినట్టే. నీళ్ళు తగిలితే కరిగే బిళ్ళ ఉన్న రకాల్లో ఆ బిళ్ళకు గడువు ఉంటుంది, అదీ చూసుకోవాలి.

వేడర్లు కొంటే చీకటి గదిలో లోపల టార్చి పెట్టి కుట్ల వెంట చూడండి, వెలుగు కనిపించిన చోట నీళ్ళు వస్తాయి. నడుం బెల్టు లేకుండా నీళ్ళలో దిగొద్దు. జెర్క్‌బైట్ల పరీక్షకు సింక్‌లో నీళ్ళు నింపి ఐసు వేస్తే చాలు. నేను ఇప్పుడు రపాలా హస్కీ జెర్క్ రెండు షాపులో చేత్తో చూసి కొన్నాను, సింక్‌లో పెట్టి చూసుకున్నాకే బాక్సులో వేశాను.

డబ్బు సంగతి. సైట్‌కి మెయిల్ పెడితే ముందు 15 శాతం వెనక్కిస్తామన్నారు. కాదంటే 30 అన్నారు. మొత్తం కావాలంటే సరుకంతా నా ఖర్చుతో విదేశానికి పంపాలట, ఆ పార్సిల్ ఖర్చు కిట్ ధర కంటే ఎక్కువ. ఈ బేరాలతో రోజులు గడిపేయడమే వాళ్ళకు కావాలి. క్రెడిట్ కార్డు డిస్ప్యూట్‌కి చట్టం ఇచ్చిన గడువు, ఆ ఖర్చు చూపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజులు. నేను వాళ్ళతో మాటలు ఆపేసి, బాత్‌టబ్‌లో తీసిన వీడియో, లేబుల్ ఫొటోలు, సైట్ స్క్రీన్‌షాట్లు బ్యాంకుకి పంపాను. ప్రస్తుతానికి తాత్కాలికంగా 118 డాలర్లూ ఖాతాలో వేశారు, విచారణ నడుస్తోంది. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకి కూడా ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి సైట్లలో ఎవరైనా జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి)తో కట్టమంటే అక్కడే ఆగిపోండి. క్రెడిట్ కార్డుకున్న రక్షణ దానికి లేదు.

ఆ శనివారం లేక్‌కి వెళ్ళలేదు. మా అబ్బాయి చాలా ఏడ్చాడు, వారం నుంచి బ్యాగు సర్దుకుని పెట్టుకున్నాడు. మర్నాడు షాపుకి తీసుకెళ్ళి వాడికో ఫోమ్ జాకెట్ కొన్నాను. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తే చెవుల దాకా రాకుండా ఒంటికి పట్టి ఉంది. మే రెండో వారంలో నీళ్ళు 55 దాటాక అన్నయ్య బోటులో వెళ్ళాం. వాడు రెండు బాస్ పట్టి, రెండూ తన చేత్తోనే వదిలాడు.

పాత జాకెట్లు రెండూ చెత్తలో వేసే ముందు బెల్టులు, గాలితిత్తులు కత్తెరతో ముక్కలు చేశాను, ఎవరైనా బాగానే ఉన్నాయని ఏరుకుని వాడతారని.